పుర్రెను చదివిన వైద్యుడు

ఒక్కసారి మీ చేతిని తల వెనక్కి పోనివ్వండి. మెడ పైభాగం దాటగానే, సరిగ్గా మధ్యలో వేలితో తడమండి. కొందరికి అక్కడ గట్టిగా చిన్న ఎముక బొడిపె తగులుతుంది. కొందరికి దాదాపు ఏమీ తగలదు. మా ఓపీకి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఈ బొడిపెను పట్టుకుని వస్తుంటారు. తలస్నానం చేస్తుంటే కొత్తగా తగిలిందని, గడ్డేమోనని, రాత్రంతా నిద్ర పట్టలేదని చెబుతారు. ఒకాయన అయితే వెంట వచ్చిన భార్య తల కూడా తడిమి చూసి, ఆమెకు లేనిది తనకెందుకు ఉందని అడిగారు. అది పుట్టుకతో వచ్చిన ఎముకేనని, మెడ కండరాలు అతుక్కునే చోటని, మగవాళ్లలో సాధారణంగా కాస్త ఎక్కువగా ఉబికి ఉంటుందని చెప్పి పంపాను.

ఆయన అడిగింది చిన్న ప్రశ్నేమీ కాదు. ముఖాలు ఒక్కలా లేనట్టే పుర్రెలూ ఒక్కలా ఉండవు. ఆకారం, మందం, అతుకులు, నరాలూ రక్తనాళాలూ వెళ్లే రంధ్రాలు మనిషికీ మనిషికీ మారతాయి. ఒకే మనిషిలో కుడివైపు ఉన్నట్టు ఎడమవైపు ఉండకపోవచ్చు. తల మీద కత్తి పెట్టే సర్జన్‌కు ఈ తేడాలు తెలియకపోతే రోగి ప్రాణానికే ముప్పు. ఈ సంగతిని పుస్తకాల్లో వెతక్కుండా పుర్రెల్ని చేతిలోకి తీసుకుని పరిశీలించిన వైద్యుడు ఒకాయన దాదాపు 500 ఏళ్ల కిందట ఉండేవాడు. పేరు ఆండ్రియాస్ వెసేలియస్. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో అనాటమీ పాఠంతో పాటే మేం విన్న పేరు ఇది. ఆయన కథ మీకూ ఉపయోగపడుతుంది. ఎలాగంటారా? చదవండి.

ఉరికంబం పక్కన బాల్యం

వెసేలియస్ 1514 డిసెంబరు 31న బ్రస్సెల్స్‌లో పుట్టాడు. వాళ్లది వైద్యుల వంశం. తండ్రి చక్రవర్తి కొలువులో మందులు తయారుచేసే ఉద్యోగి. వాళ్ల ఇంటికి దగ్గర్లోనే నేరస్తుల్ని ఉరితీసే గుట్ట ఉండేది. శవాల్ని అక్కడే వదిలేసేవారు. మిగతా పిల్లలు భయపడి తప్పుకునే చోటు ఆ పిల్లవాడికి రోజూ కనిపించే దృశ్యం.

1533లో వైద్యం చదవడానికి పారిస్ వెళ్లాడు. అక్కడి పాఠాలు అతనికి నచ్చలేదు. అప్పటి పద్ధతి ఇలా ఉండేది: ప్రొఫెసర్ ఎత్తయిన కుర్చీలో కూర్చుని గ్రంథం చదువుతాడు. కింద క్షౌరవృత్తి చేసే వ్యక్తి శవాన్ని కోస్తాడు. ఇంకొకడు కర్రతో చూపిస్తాడు. ప్రొఫెసర్ శవాన్ని ముట్టుకోడు. కోసేవాడికి గ్రంథంలో ఏముందో తెలియదు. పుస్తకంలో ఉన్నదీ బల్ల మీద ఉన్నదీ ఒకటేనా అని చూసేవాళ్లే లేరు.

దాంతో వెసేలియస్ తన పాఠం తానే వెతుక్కున్నాడు. పారిస్‌లో ఇన్నోసెంట్స్ శ్మశానంలో పాత సమాధుల నుంచి తీసిన ఎముకలు కుప్పలుగా ఉండేవి. అక్కడ గంటల తరబడి కూర్చునేవాడు. కొన్నాళ్లకు కళ్లకు గంతలు కట్టుకుని, చేతికిచ్చిన ఎముక ఏదో తడిమి చెప్పగలిగే స్థాయికి చేరాడు. ఊరి బయట ఉరికంబం దగ్గర ఎముకలు ఏరుతుంటే అడవి కుక్కలు మీదపడబోయిన సందర్భమూ ఉంది.

మా తరం మెడికోలు సీనియర్ల దగ్గర బోన్ సెట్ కొనుక్కుని, హాస్టల్ మంచం కింద పెట్టెలో దాచుకునేవాళ్లు. మాకు అది డబ్బుతో దొరికింది. వెసేలియస్‌కు అలా దొరకలేదు. 1536లో యుద్ధం వల్ల పారిస్ వదిలి లూవెన్ వచ్చాక, ఊరి వెలుపల ఉరితీసిన ఒక దొంగ అస్థిపంజరం అతని కంటపడింది. మాంసాన్ని పక్షులు తినేశాయి, ఎముకలు మాత్రం కీళ్ల దగ్గర పట్టుకుని ఉన్నాయి. స్నేహితుడి సాయంతో కంబం ఎక్కి, ఎముకల్ని విడతలవారీగా రహస్యంగా ఇంటికి చేర్చాడు. ఎవరైనా అడిగితే పారిస్ నుంచి తెచ్చానని చెప్పాడు.

కుర్చీ దిగిన ప్రొఫెసర్

1537 డిసెంబరులో ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో డాక్టర్ పట్టా అందుకున్నాడు. ఆ వెంటనే అక్కడే సర్జరీ, అనాటమీ బోధించే పదవి ఇచ్చారు. అప్పటికి 23 ఏళ్లు ఇంకా నిండలేదు. మొదటి రోజు నుంచే పద్ధతి మార్చేశాడు. ఎత్తు కుర్చీ దిగి, కత్తి తన చేతిలోకి తీసుకున్నాడు. కోస్తూ, చూపిస్తూ, చెబుతూ పోయాడు. చుట్టూ విద్యార్థులు మూగేవారు. ఆ సంగతి విని 1539లో పాడువాలోని ఒక న్యాయమూర్తి మరణశిక్ష పడిన వాళ్ల శవాల్ని ఇప్పించే ఏర్పాటు చేశాడు.

శవాలు పెరిగేకొద్దీ వెసేలియస్‌కు అనుమానాలూ పెరిగాయి. అప్పటికి 1,300 ఏళ్లకు పైగా వైద్యానికి గేలన్ మాటే వేదం. గేలన్ రెండో శతాబ్దంలో రోమ్‌లో పేరుమోసిన మహావైద్యుడు. ఆయన గొప్పతనంలో సందేహం లేదు. కానీ ఆ రోజుల్లో మనుషుల శవాల్ని కోయనిచ్చేవారు కాదు. కోతుల్ని, పందుల్ని, పశువుల్ని కోసి, అందులో చూసిందే మనిషికీ వర్తిస్తుందని రాశాడు. మన కింది దవడ రెండు ఎముకలన్నాడు. వెసేలియస్ చూసిన ప్రతి పెద్ద మనిషి పుర్రెలో అది ఒక్కటే ఎముక.

1540లో బొలోన్యాలో వెసేలియస్ మనిషి అస్థిపంజరాన్ని, కోతి అస్థిపంజరాన్ని పక్కపక్కన నిలబెట్టి తేడాలు చూపించాడు. గేలన్ వర్ణించింది ఏ ప్రాణినో అందరికీ అర్థమైపోయింది. ఆ తర్వాత అచ్చయిన పుస్తకంలో ఇంకో బొమ్మ వేయించాడు. కుక్క పుర్రె మీద మనిషి పుర్రె పెట్టి ఉంటుంది. పై దవడలో గేలన్ చెప్పిన ఒక అతుకు కుక్కలో స్పష్టంగా ఉంటుందని, పెద్దయిన మనిషి ముఖం మీద అలా కనిపించదని ఒక్క చూపులో తెలియజేసే బొమ్మ అది.

ఇక్కడ ఆయన నిజాయతీ గురించి కూడా చెప్పాలి. మెదడు అడుగున రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయని గేలన్ రాశాడు. అది పశువులకే ఉంటుంది, మనిషికి ఉండదు. 1538లో అచ్చువేసిన తన తొలి చిత్రపటాల్లో వెసేలియస్ కూడా ఆ వలను గీయించాడు. కంటికి కనిపించకపోయినా గేలన్ చెప్పాడు కాబట్టి ఉండే ఉంటుందనుకున్నాడు. ఐదేళ్ల తర్వాత ఆ పొరపాటును తానే అచ్చులో ఒప్పుకున్నాడు. వయసు 28.

ఉయ్యాల మార్చే తల ఆకారం

1543లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆయన మహాగ్రంథం వెలువడింది. మానవ శరీర నిర్మాణం మీద 650 పేజీలకు పైగా రాసిన ఆ పుస్తకాన్ని వైద్యలోకం ఫాబ్రికా అని పిలుస్తుంది. బొమ్మల్ని చెక్క దిమ్మెల మీద చెక్కించి, ఆల్ప్స్ పర్వతాలు దాటించి ముద్రణశాలకు చేర్చాడు. మొదటి భాగమంతా ఎముకలే. అందులోనూ ముందుగా వచ్చేది తల.

మనిషి తల ఎన్ని ఆకారాల్లో ఉండవచ్చో ఐదు పుర్రెల బొమ్మలతో చూపించాడు. ముందూ వెనకా కాస్త ఉబికి, పక్కల అణిగి ఉండేది మామూలు ఆకారం. మిగతా నాలుగు దాని నుంచి పక్కకు పోయినవి. వాటిలో ఐదోది, అంటే నిడివి కంటే వెడల్పు ఎక్కువగా ఉండే తల, ఊహకే తప్ప ప్రాణంతో ఉండదని గేలన్ తేల్చేశాడు. అలాంటి తలలతో బతికున్న మనుషుల్ని ఇటలీ నగరాల్లో చూశారని వెసేలియస్ రాశాడు.

అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి గమనించాడు. జర్మన్ల తలలు వెనక వైపు చదునుగా ఎందుకుంటాయి? పసిపిల్లల్ని ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెడతారు కాబట్టి. తన ప్రాంతం వాళ్ల తలలు కాస్త పొడుగ్గా ఎందుకుంటాయి? తల్లులు బిడ్డల్ని బట్టల్లో చుట్టి పక్కకు తిప్పి పడుకోబెడతారు కాబట్టి. జాతుల గురించి అంత గంపగుత్తగా చెప్పడాన్ని నేటి సైన్స్ ఒప్పుకోదు. పసితల మెత్తగా ఉంటుందని, పడుకునే తీరు దాని ఆకారాన్ని మారుస్తుందని చెప్పిన మూలసూత్రం మాత్రం నిజం. పిల్లల డాక్టర్లు నేటికీ తల్లులకు చెప్పేది ఇదే.

మన ఇళ్లలోనూ ఇది అందరికీ తెలిసిన సంగతే. బిడ్డకు లాల పోసేటప్పుడు తల గుండ్రంగా రావాలని అమ్మమ్మలు రెండు చేతులతో ఒత్తుతారు. తల కింద ఆవాల దిండు పెడతారు. ప్రేమతో చేసే పనే గానీ గట్టిగా ఒత్తకూడదు. ఏడాదిలోపు బిడ్డకు ఏ దిండూ అవసరం లేదు, ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. నిద్రపోయేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. తల వెనక చదునవుతోందని దిగులు పడనక్కర్లేదు. పడుకోబెట్టినప్పుడల్లా తల ఒకే వైపు కాకుండా మార్చి తిప్పుతుండాలి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడించాలి. చాలామందిలో తల నెమ్మదిగా సర్దుకుంటుంది.

దిగులు పడాల్సిన సందర్భం వేరే ఉంది. పుట్టిన బిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు. పలకలు పలకలుగా ఉండి మధ్యలో అతుకులు ఉంటాయి. మెదడు పెరుగుతుంటే ఈ అతుకులు దానికి చోటిస్తాయి. ముందు వైపున్న మాడు సాధారణంగా ఏడాదిన్నర వయసుకు పూడుతుంది. కొందరు పిల్లల్లో ఏదో ఒక అతుకు వేళకు ముందే మూసుకుపోతుంది. అప్పుడు తల ఆ దిశలో పెరగలేక ఇంకో దిశలో సాగుతుంది. నడినెత్తి మీద నిలువుగా ఉండే అతుకు మూసుకుపోతే తల పడవలా పొడుగవుతుంది. ఒక పక్క అతుకు మూసుకుపోతే నుదురు ఒకవైపు అణిగి కళ్లు వంకరగా కనిపిస్తాయి. తడిమితే అతుకు వెంట గట్టిగా గట్టులా తగలవచ్చు. దీనికి ఒత్తిడీ మాలిషూ పనిచేయవు, ఆపరేషనే చేయాలి. అది మొదటి ఏడాదిలో చేస్తే ఫలితం బాగుంటుంది. పెద్దయితే అదే సర్దుకుంటుందని రెండు మూడేళ్లు ఆగి తెచ్చేవాళ్లను చూస్తే డాక్టర్లకు కలిగే బాధ ఇంతా అంతా కాదు.

అతుకా? చిట్లిందా?

పుర్రె అతుకులు పెద్ద పెద్ద వైద్యుల్నే పొరబాటులో పడేశాయి. వైద్యానికి పితామహుడని చెప్పుకునే హిపోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాల్లో ఒక రోగి కథ ఉంది. రాయి దెబ్బ తలకు తగిలింది. గాయం సరిగ్గా అతుకు మీద పడింది. ఎముక దెబ్బతిన్న గుర్తును వైద్యుడు అతుకు అనుకున్నాడు. సకాలంలో పుర్రెకు రంధ్రం వేయలేదు. రోగి చనిపోయాడు. అతుకులు తనను మోసం చేశాయని ఆ వైద్యుడే దాచకుండా రాసుకున్నాడు.

దీనికి తలకిందులైన పొరపాటు నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు చేయబోయాను. బైక్ మీద నుంచి పడ్డ కుర్రాడి ఎక్స్‌రేలో నుదుటి మధ్య నిలువుగా గీత కనిపించింది. ఎముక విరిగిందని కంగారుపడి వాళ్ల వాళ్లనీ కంగారు పెట్టాను. మా సీనియర్ ఫిల్మ్‌ను వెలుగులో పెట్టి చూపించారు. గీత సరిగ్గా మధ్యలో ఉంది, అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి. అది అతుకు. నుదుటి ఎముక పుట్టుకతో రెండు ముక్కలు. సాధారణంగా రెండేళ్లలోపే అతుక్కుపోతుంది. కొందరిలో జీవితాంతం అలాగే మిగిలిపోతుంది. దానివల్ల హాని లేదు. ఇలాగే కొందరి అతుకుల మధ్య చిన్న చిన్న అదనపు ఎముక ముక్కలు ఉంటాయి. వాటికి ఓలే వార్మ్ అనే డెన్మార్క్ వైద్యుడి పేరు మీద వార్మియన్ ఎముకలని పేరు. ఎక్స్‌రేలో పుర్రె చిట్లినట్టు కనిపించి ఇవి మోసం చేస్తాయి. ఊరికే ఆపరేషన్ బల్ల ఎక్కించినా తప్పే, నిజంగా చిట్లినదాన్ని అతుకని వదిలేసినా తప్పే.

ఆయన పేరున్న రంధ్రం

పుర్రె అడుగు భాగాన్ని తిప్పి చూస్తే జల్లెడలా ఉంటుంది. ఒక్కో రంధ్రం గుండా ఒక్కో నరమో రక్తనాళమో వెళ్తుంది. వాటిలో చాలా చిన్నదొకటి ఉంది. కొందరిలో అసలు ఉండదు. ఉన్నవాళ్లలోనూ కొందరికి ఒక వైపే ఉంటుంది. దాన్ని మొదట గమనించి రాసింది వెసేలియస్. అందుకే దానికి ఆయన పేరే పెట్టారు. ముఖంలోని లోతైన సిరల నుంచి పుర్రె లోపలి సిరల సంచికి దారితీసే చిన్న సిర ఇందులోంచి వెళ్తుంది.

ఇంత చిన్న రంధ్రంతో పనేముంటుంది అనుకోకండి. ముఖంలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి వచ్చే జబ్బు ఒకటి ఉంది. మందులకు లొంగనప్పుడు కొందరికి చెంప గుండా సూది పంపి, పుర్రె అడుగున ఉన్న అండాకారపు రంధ్రంలోకి చేర్చి నరానికి చికిత్స చేస్తారు. ఆ అండాకారపు రంధ్రానికి పక్కనే, కాస్త ముందుకు, వెసేలియస్ రంధ్రం ఉంటుంది. సూది దారితప్పి అందులోకి పోతే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఇంకొక సంగతి. ముఖం మీదా పళ్లలోనూ పుట్టిన చీము ఇలాంటి సిరల దారిలో లోపలికి పాకగలదు. ముక్కు పక్కనా పై పెదవి మీదా లేచిన మొటిమల్ని, గడ్డల్ని గిల్లి పిండొద్దని మేం పదే పదే చెప్పేది అందుకే.

నేటి సర్జన్లకు ఇలాంటి తేడాలు అడుగడుగునా ఎదురవుతాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కణితిని ఇప్పుడు ముక్కు లోంచే తీస్తున్నారు. దారిలో ఒక గాలి గది వస్తుంది. అది కొందరిలో విశాలంగా, కొందరిలో ఇరుగ్గా ఉంటుంది. అందులోని అడ్డుగోడ కొందరిలో నేరుగా మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మీదే ఆని ఉంటుంది. చూడకుండా ఆ గోడను లాగితే ఏమవుతుందో ఊహించుకోండి. కొందరి సైనస్ గదుల్లోకి కంటి నరం దాదాపు బయటపడి ఉంటుంది. కణత దగ్గర ఎముక పలచన. దాని లోపలి వైపు గాడిలో ఒక ధమని వెళ్తుంది. కొందరిలో ఆ గాడి మూసుకుపోయి ఎముకలోనే సొరంగం అవుతుంది. సర్జన్ అక్కడి ఎముకను ఎత్తగానే ధమని చీలే ప్రమాదం ఉంటుంది. సైనస్ ఆపరేషన్‌కు ముందు ఈఎన్‌టీ డాక్టర్ సీటీ స్కాన్ అడిగితే బిల్లు పెంచడానికని అనుమానించకండి. మీ తలలోని దారులు ఎలా ఉన్నాయో ఆ స్కానే చెబుతుంది.

రాజుగారి కన్ను

ఫాబ్రికా వచ్చాక మెప్పుతో పాటు తిట్లూ వచ్చాయి. పారిస్‌లో పాఠం చెప్పిన గురువు సిల్వియస్ శిష్యుణ్ని పిచ్చివాడని అచ్చులోనే దూషించాడు. గేలన్ తప్పు చెప్పలేదని, ఆయన కాలం నుంచి మనుషుల శరీరాలే మారిపోయి ఉంటాయని వాదించాడు. ఈ గొడవలతో విసిగి వెసేలియస్ తన రాతప్రతులు కొన్నింటిని తగలబెట్టేశాడు. ప్రొఫెసర్ పదవి వదిలేసి చక్రవర్తి ఐదో చార్లెస్ కొలువులో వైద్యుడిగా చేరాడు. తర్వాత ఆయన కొడుకు, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ దగ్గర పనిచేశాడు.

1559 జూన్ 30. పారిస్‌లో పెళ్లి సంబరాల్లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ గుర్రమెక్కి ఈటెల పోటీలో దిగాడు. ఎదుటివాడి ఈటె విరిగి, పేడు ముక్కలు శిరస్త్రాణం సందులోంచి కంటి పైన గుచ్చుకున్నాయి. బ్రస్సెల్స్ నుంచి వెసేలియస్‌ను పిలిపించారు. ఫ్రాన్స్‌లో అందరికంటే పేరున్న సర్జన్ అంబ్రోజ్ పారే కూడా అక్కడే ఉన్నాడు. ఆ కాలపు ఇద్దరు మహావైద్యులూ మంచం పక్కనే ఉన్నా రాజు జులై 10న కన్నుమూశాడు. తల తెరిచి చూస్తే పుర్రె ఎముక పగల్లేదు. దెబ్బ తగిలింది ముందు వైపు. మెదడు చుట్టూ రక్తం చేరి చెడింది మాత్రం వెనక వైపు. తల ఒక్కసారిగా కదిలి ఆగినప్పుడు లోపలి మెదడు ఎదుటి గోడకు కొట్టుకుంటుంది. బయట చిన్న గాయం, పుర్రె భద్రంగానే ఉంది, మనిషి మాత్రం మిగల్లేదు.

ఈ కథను నేను పాఠంలా ఎప్పుడూ చెప్పలేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం స్కూటర్ మీద నుంచి పడ్డ మనిషిని క్యాజువాలిటీకి తెచ్చారు. నడిచే వచ్చాడు. కణత మీద చిన్న బొప్పి, రక్తం చుక్క లేదు. నవ్వుతూ మాట్లాడాడు. రాత్రంతా ఉంచుదామని, స్కాన్‌కు పెద్దాసుపత్రికి పంపుతానని చెప్పాను. రక్తమే రాలేదు కదా అని ఇంటివాళ్లు తీసుకెళ్లిపోయారు. నేనూ ఇంకాస్త గట్టిగా పట్టుబట్టలేదు. అర్ధరాత్రి దాటాక స్పృహ లేని స్థితిలో తిరిగి తెచ్చారు. కణత లోపలి ధమని చిట్లి రక్తం గడ్డకట్టింది. పెద్దాసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. తలకు దెబ్బ తగిలి వచ్చిన ఎవరినీ అప్పటి నుంచి నేను నవ్వు ముఖం చూసి ఇంటికి పంపలేదు.

రాకుమారుడి తల

మూడేళ్లకు ఇంకో రాచ తల. 1562 ఏప్రిల్‌లో ఫిలిప్ కొడుకు డాన్ కార్లోస్ స్పెయిన్‌లోని అల్కలాలో మెట్ల మీద నుంచి పడ్డాడు. తల వెనక గాయమైంది. కొద్దిరోజులకు జ్వరం, ముఖమంతా వాపు, కళ్లు తెరవలేని స్థితి. వైద్యులు మళ్లీ మళ్లీ సమావేశమయ్యారు. లోపల దెబ్బతిందని, పుర్రె తెరవాలని వెసేలియస్ అభిప్రాయం. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఎముకను గీకి చూస్తే చిట్లిన గుర్తు కనిపించలేదు. ఒక నాటువైద్యుడి లేపనం కూడా వాడి చూశారు. వందేళ్ల కిందట చనిపోయిన ఒక పుణ్యపురుషుడి శరీరాన్ని తెచ్చి రోగి పక్కన పెట్టారు. తర్వాత కళ్ల చుట్టూ చేరిన చీమును కోసి తీశారు. రాకుమారుడు కోలుకున్నాడు. ఎవరి వల్ల బతికాడన్న వాదన చాలాకాలం సాగింది. వెసేలియస్ అంతటివాడు కూడా మూసి ఉన్న పుర్రె లోపల ఏముందో బయటి నుంచి కచ్చితంగా చెప్పలేకపోయాడు. ఆయనకు స్కాన్ లేదు. మనకు ఉంది.

చేతిలో పుర్రె లేని చివరి రోజులు

రాజాస్థానంలో హోదాకు లోటు లేదు. కానీ ఆయనకు కావలసింది అక్కడ దొరకలేదు. పాడువాలో తన తర్వాత అనాటమీ పీఠంలో పేరు తెచ్చుకున్న ఫలోపియో తన పుస్తకంలో వెసేలియస్ పొరపాట్లు కొన్నింటిని మర్యాదగా ఎత్తిచూపాడు. దానికి 1561లో వెసేలియస్ సుదీర్ఘమైన జవాబు రాశాడు. స్పెయిన్‌లో శవాన్ని కోయడం మాట అటుంచి, చూసుకోవడానికి ఒక పుర్రె అయినా తేలిగ్గా దొరకడం లేదని అందులో వాపోయాడు. ఆ జవాబు చేరేలోపే ఫలోపియో చనిపోయాడు.

1564లో వెసేలియస్ జెరూసలేం యాత్రకు బయల్దేరాడు. ఎందుకు వెళ్లాడన్న దానిపై రకరకాల కథలు పుట్టాయి. బతికున్న మనిషిని శవమనుకుని కోశాడని, దానికి ప్రాయశ్చిత్తమని ఒక కథ. దానికి నమ్మదగిన ఆధారం లేదు. తిరుగు ప్రయాణంలో అక్టోబరులో గ్రీసు దగ్గరి జకింతోస్ దీవిలో చనిపోయాడు. 50 ఏళ్లు నిండలేదు. ఎన్నో పుర్రెల్ని చదివిన ఆయన సమాధి ఎక్కడుందో నేటికీ స్పష్టంగా తెలియదు. 1543లో ఆయన స్వయంగా కీలు కీలు కూర్చిన ఒక అస్థిపంజరం మాత్రం బాసెల్‌లోని మ్యూజియంలో ఇప్పటికీ నిలబడి ఉంది.

మీ తల విషయంలో గుర్తుంచుకోండి

• తలకు దెబ్బ తగిలితే రక్తం రాలేదని, ఎముక విరగలేదని ధీమా వద్దు. స్పృహ తప్పడం, పదే పదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, తికమక మాటలు, ఫిట్స్, కాలూ చెయ్యీ బలహీనపడటం, ముక్కు లేదా చెవి నుంచి నీరో రక్తమో కారడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• మొదటి 24 గంటలు ఒంటరిగా వదలొద్దు. కాసేపు బాగా మాట్లాడి, తర్వాత స్పృహ తప్పేవాళ్లు ఉంటారు. వృద్ధులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు చిన్న దెబ్బకైనా డాక్టర్‌కు చూపించుకోవాలి.

• హెల్మెట్ గడ్డం కింద బిగించుకోండి. ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్ ట్యాంకునే కాపాడుతుంది.

• బిడ్డ తల ఆకారం తేడాగా ఉన్నా, మాడు మరీ త్వరగా పూడినట్టున్నా, అతుకు వెంట గట్టు తగిలినా టీకాలకు వెళ్లినప్పుడే డాక్టర్‌కు చూపించండి. టేపుతో తల కొలత తీయమని అడగండి.

• తల మీద ఎప్పటి నుంచో మారకుండా ఉన్న గట్టి బొడిపె చాలావరకు మీ ఎముక తీరే. కొత్తగా పుట్టినా, పెరుగుతున్నా, నొప్పి ఉన్నా చూపించుకోండి.

• పాత ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు పారేయకండి. రేపు ఒక గీత కనిపిస్తే అది పుట్టుకతో ఉన్నదో కొత్తగా వచ్చిందో మీ పాత ఫిల్మే చెబుతుంది.